కంప్యూటర్‌లో ‘శ్రీ’ కొట్టి ప్రింట్ తీయడం ఎలా? కీబోర్డు నుంచి కాగితం దాకా

మా ఇంట్లో ఏ కాగితం మీద ఏం రాయాలన్నా ముందు పైన ‘శ్రీ’ పడాల్సిందే. కిరాణా సామాన్ల చీటీకైనా అంతే. చెల్లి పెళ్లి శుభలేఖ నేనే కంప్యూటర్‌లో కొడతానని కూర్చున్నప్పుడు కూడా మొదట కొట్టింది ఆ అక్షరమే. తెర మీద నిండుగా, అందంగా ఉంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ప్రింటింగ్ షాపుకు వెళ్తే, అక్కడి అబ్బాయి మ్యాటర్ కాపీ చేసి తన డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టాడు. శ్రీ కాస్తా ‘శ్‌ రీ’ అయిపోయింది. “తప్పు కొట్టినట్టున్నావురా” అన్నారు నాన్న.

తప్పు కొట్టలేదు. కానీ ఎక్కడ చెడిందో ఆ రోజు చెప్పలేకపోయాను. తర్వాత ఒక్కో పరికరం ఏం చేస్తుందో తెలుసుకుంటూ పోతే విషయం తేలింది. కీబోర్డుకు శ్రీ తెలియదు, తెరకూ తెలియదు, ప్రింటరుకూ తెలియదు. కీబోర్డు అంకెలు పంపుతుంది, తెరా ప్రింటరూ చుక్కలు వేస్తాయి. ఆ అంకెల్ని అక్షరంగా, అక్షరాన్ని చుక్కలుగా మార్చేదంతా మధ్యలో ఉంది. ఆ దారి ఒకసారి తెలిస్తే అక్షరం ఎక్కడ విరిగిందో మీరే పట్టుకోగలరు. విండోస్ 10 గానీ 11 గానీ ఉన్న కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్కో మెట్టూ చేసి చూస్తూ చదవండి.

మెట్టు 1: తెలుగు కీబోర్డు పెట్టుకోండి

సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కు వెళ్లి, లాంగ్వేజ్ దగ్గర యాడ్ నొక్కి తెలుగు ఎంచుకోండి. తెలుగు పక్కన ఆప్షన్స్‌లోకి వెళ్తే కీబోర్డుల జాబితా ఉంటుంది. అందులో ఇన్‌స్క్రిప్ట్ అనే అక్షరాల అమరిక ఉందో లేదో చూసుకోండి, లేకపోతే చేర్చండి. ఇంగ్లీషు నుంచి తెలుగుకు మారడానికి విండోస్ కీ పట్టుకుని స్పేస్ కొడితే చాలు. ఏ కీ మీద ఏ అక్షరం ఉందో చూడాలంటే విండోస్, కంట్రోల్, ఓ మూడూ కలిపి నొక్కండి, తెర మీద కీబోర్డు వస్తుంది.

ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులోకి మార్చే ఫొనెటిక్ కీబోర్డు కూడా 2019 నుంచి విండోస్‌లోనే ఉంది. రోజుకు నాలుగు మాటలు కొట్టేవారికి అది చాలు. రోజూ పేజీలు కొట్టేవారైతే ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండని గట్టిగా చెబుతాను. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ప్రకటించిన ప్రమాణంలో ఉన్న అమరిక ఇది. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయి. ఇంగ్లీషు కె ఉన్న కీ తెలుగులోనే కాదు, హిందీలోనూ కన్నడంలోనూ ‘క’ అక్షరమే. ఒక్కసారి వేళ్లకు అలవాటైతే ఇన్ని భాషలకు పనికొస్తుంది.

మెట్టు 2: ‘శ్రీ’ కొట్టండి, కీబోర్డులో ఏం జరుగుతుందో తెలుసుకోండి

నోట్‌ప్యాడ్ తెరిచి, తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌కు మారి, ఈ నాలుగూ వరుసగా కొట్టండి: షిఫ్ట్ పట్టుకుని ఎం (శ), డి (పొల్లు), జె (ర), ఆర్ (గుడిదీర్ఘం). తెర మీద శ్రీ వచ్చింది కదా.

మామూలు కీబోర్డు విప్పితే లోపల పల్చటి ప్లాస్టిక్ పొరలు, వాటి మీద వెండి రంగు గీతలు కనిపిస్తాయి. ప్రతి కీ కింద ఒక రబ్బరు బుడిపె ఉంటుంది. కీ నొక్కగానే బుడిపె అణిగి, పై పొర గీత కింది పొర గీతను తాకుతుంది. వంద పైచిలుకు కీలకు ఒక్కో తీగ చొప్పున లాగితే లోపలంతా తీగలే అవుతాయి. అందుకే గీతల్ని చీర నేతలో పడుగూ పేకల్లా అడ్డంగా, నిలువుగా వేస్తారు. 8 అడ్డగీతలు, 18 నిలువు గీతలు ఉంటే 26 తీగలతోనే 144 కూడళ్లు దొరుకుతాయి. కీబోర్డులోని చిన్న చిప్పు ఒక్కో గీతలోకి సంకేతం పంపుతూ, అది ఏ గీతలోంచి బయటికొస్తుందో చూస్తూ ఉంటుంది. ఈ గాలింపు సెకనుకు కొన్ని వందల సార్లు జరుగుతుంది.

ఇంకో చిక్కుంది. రెండు గీతలు తాకినప్పుడు ఒక్కసారిగా అంటుకోవు. కొన్ని మిల్లీసెకన్ల పాటు అంటీ అంటనట్టు అదురుతాయి. చిప్పు ఆ అదురు ఆగేదాకా ఓపిక పట్టి, అప్పుడు ఒక్కసారి నొక్కినట్టుగా లెక్కేస్తుంది. పాతబడ్డ కీబోర్డులో ఒకసారి కొడితే ‘రర’ అని రెండు పడుతున్నాయంటే, ఆ అదురు చిప్పు ఆగే సమయం కన్నా ఎక్కువసేపు సాగుతోందన్న మాట.

తర్వాత యూఎస్‌బీ తీగలోంచి కంప్యూటర్‌కు వెళ్లేవి అంకెలే. ఎం కీ అంకె 16, డి కీ 7, జె కీ 13, ఆర్ కీ 21. ఒక్కో కబురులో 8 బైట్లుంటాయి. మొదటి బైటు షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్ లాంటివాటికి. రెండోది ఖాళీ. మిగతా ఆరు, ఒకేసారి నొక్కి ఉన్న ఆరు కీల అంకెలకు. మనం శ్రీ కొట్టినప్పుడు కీబోర్డు చెప్పింది ‘షిఫ్ట్‌తో 16, తర్వాత 7, 13, 21’ అని మాత్రమే. ఆ 16 ఇంగ్లీషు ఎం అక్షరమా, మన శకారమా అన్నది విండోస్ తన దగ్గరున్న పట్టిక చూసి తేలుస్తుంది. ‘తెలుగు కీబోర్డు కొనాలా?’ అని చాలామంది అడుగుతుంటారు. అక్కర్లేదు. కీల మీద అచ్చయిన అక్షరాలు మన కళ్ల కోసమే.

వేళ్లకు బదులు గొంతు వాడినా కథ ఇంతే. మైకులోని పల్చటి పొర మీ మాటకు అదిరితే ఆ అదురును సెకనుకు వేల సార్లు కొలిచి అంకెల వరుసగా పంపుతుంది. అందులో శ్రీ ఎక్కడుందో వెతికే పని సాఫ్ట్‌వేర్‌ది.

మెట్టు 3: లోపల ఏం దాచిందో చూడండి

ఎంటర్ కొట్టకుండా, ఆ ఒక్క శ్రీతోనే ఫైలును సేవ్ చేయండి. ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) యూటీఎఫ్ 8 అని ఉండాలి. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సైజు చూడండి: 12 బైట్లు. కంటికి ఒక్క అక్షరం, లోపల నాలుగు సంకేతాలు. అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో అంకె ఇచ్చే పట్టిక యూనికోడ్. అందులో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గళ్లు కేటాయించారు. శ 3126, పొల్లు 3149, ర 3120, గుడిదీర్ఘం 3136. యూటీఎఫ్ 8లో తెలుగు సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు కాబట్టి నాలుగు మూళ్లు పన్నెండు.

ఇప్పుడు శ్రీ తర్వాత కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి కొట్టండి. అక్షరం మొత్తం పోదు. గుడిదీర్ఘం పోయి ‘శ్ర’ మిగులుతుంది. ఇంకోసారి కొడితే ‘శ్’, మూడోసారికి ‘శ’. పలకమీద అక్షరాన్ని తుడిచేటప్పుడు ఇలా జరగదు. కంప్యూటర్ మాత్రం మనం పలికిన వరుసలోనే అక్షరాన్ని దాచుకుంటుంది.

ఈ పొల్లు వల్లే ఇంకో ఇబ్బంది వస్తుంది. ‘సాఫ్ట్‌వేర్’ అని కొడదామనుకుంటే ‘సాఫ్ట్వేర్’ అని వకారం వత్తుగా మారి టకారం కిందికి పోతుంది. అక్కడ కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు పెట్టాలి. వర్డ్‌లో అయితే పొల్లు తర్వాత ఇంగ్లీషుకు మారి 200 కొట్టి, దాని పక్కనే సి అక్షరం కొట్టి, ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి. అంకెలు మాయమై ఆ గుర్తు కూర్చుంటుంది. తర్వాత వకారం విడిగానే నిలబడుతుంది.

మెట్టు 4: ఫాంటు మార్చి చూడండి, తెరను దగ్గర్నుంచి చూడండి

ఆ శ్రీని మళ్లీ పూర్తిగా కొట్టి, వర్డ్‌లోకి తెచ్చుకుని మౌసుతో ఎంచుకోండి. చేతిలోని మౌసు కింద ఒక చిన్న దీపం, చిన్న కెమెరా ఉన్నాయి. సెకనుకు వెయ్యికి పైగా బొమ్మలు తీసి, ముందు బొమ్మకూ ఈ బొమ్మకూ బల్ల గరుకు ఎటు జరిగిందో పోల్చి, ఎంత కదిలారో చెబుతుంది. నున్నటి గాజు బల్ల మీద పోల్చడానికి గరుకే దొరకదు కాబట్టి మామూలు మౌసు తడబడుతుంది. మౌసును 1968లో లోకానికి చూపించింది అమెరికా ఇంజనీరు డగ్లస్ ఎంగెల్‌బార్ట్. దాని తొలి నమూనాకు చెక్క ఒళ్లు, కింద రెండు చక్రాలు ఉండేవి.

ఫాంటు మార్చండి. విండోస్‌లో గౌతమి, నిర్మలా యూఐ ఉంటాయి. గూగుల్ ఫాంట్స్ నుంచి మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ ఉచితంగా దించుకోవచ్చు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన ఫాంటు చాలామందికి గుర్తుండే ఉంటుంది. ప్రతి ఫాంటులోనూ శ్రీ రూపు మారుతుంది, లోపలి నాలుగు అంకెలు మారవు.

అక్షరం కుదురుకునేది ఇక్కడే. చివర కొట్టిన గుడిదీర్ఘం ఎక్కడికి పోయిందో గమనించండి. ర తర్వాత కొట్టినా, శ తల మీద కూర్చుంది. మధ్యలో కొట్టిన ర కిందికి దిగి క్రావడి అయింది. ఏది ఎక్కడ కూర్చోవాలో చెప్పే సూత్రాలు ఫాంటులో ఉంటాయి. వాటిని చదివి అమలు చేసే సాఫ్ట్‌వేర్ వేరే ఉంటుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్‌లలో హార్ఫ్‌బజ్ అనేది ఆ పని చేస్తుంది. షాపులోని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల కూర్పు ఆన్ చేసి లేదు. అంకెలు నాలుగూ సరిగ్గానే అందాయి, వాటిని పొందించేది అక్కడ లేదు. మా శ్రీ విరిగింది అందుకే.

అక్కణ్నుంచి తెర. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు గళ్లు. మీ ఫోన్ తెర మీద తెల్లటి పేజీ తెరిచి, వేలికొనతో ఆవగింజంత నీటి చుక్క పెట్టండి. ఆ చుక్క భూతద్దమై రంగుల గళ్లను చూపిస్తుంది. చూశాక తుడిచేయండి.

ఎల్‌సీడీ తెర వెనక తెల్లటి వెలుగు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ముందున్న ద్రవస్ఫటికాలు విద్యుత్తును బట్టి తిరిగి ఆ వెలుగును వదులుతాయి, లేదా ఆపుతాయి. తెల్లటి పేజీ మీద నల్లటి శ్రీ అంటే, ఆ ఆకారం మేరకు మూడు రంగుల గళ్లూ మూసుకున్నాయని. మామూలు తెర దీన్నంతా సెకనుకు 60 సార్లు తిరగ వేస్తుంది.

మెట్టు 5: పీడీఎఫ్ చేసి ప్రింట్ తీయండి

వర్డ్ ఫైలును అలాగే షాపుకు తీసుకెళ్లకండి. సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ ఎంచుకోండి. అక్షరాలను పొందించే పని మీ కంప్యూటర్‌లోనే పూర్తయి, ఫాంటు కూడా ఫైలులోకి చేరుతుంది. అడోబీ రీడర్‌లో తెరిచి కంట్రోల్, డి నొక్కి ఫాంట్స్ దగ్గర చూడండి. పేరు పక్కన ఎంబెడెడ్ సబ్‌సెట్ అని ఉంటే నిశ్చింత. షాపులో మాత్రం ‘కాపీ చేయకుండా ఈ పీడీఎఫ్‌నే ప్రింట్ ఇవ్వండి’ అని చెప్పండి.

కాగితాలు కాపీ తీసే ఏ షాపునైనా మనం జిరాక్స్ షాపు అనే అంటాం. నిజానికి జిరాక్స్ ఒక కంపెనీ పేరు. లేజర్ ప్రింటర్ పుట్టిందీ అక్కడే. 1971లో జిరాక్స్ పరిశోధనశాలలో గ్యారీ స్టార్క్‌వెదర్, జిరాక్స్ యంత్రంలోకి లేజర్ వెలుగును పంపి అక్షరాలు వేయించాడు. పద్ధతి ఇప్పటికీ అదే. లోపలి డ్రమ్ముకు ముందు విద్యుదావేశం ఎక్కిస్తారు. గిర్రున తిరిగే అద్దం మీది నుంచి లేజర్ కిరణం డ్రమ్ము మీద గీత వెంట గీతగా పోతూ, నలుపు పడాల్సిన చోట్ల ఆ ఆవేశాన్ని తీసేస్తుంది. టోనర్ పొడి ఆ చోట్లకే అంటుతుంది. కాగితం దాన్ని లాక్కుంటుంది. చివర సుమారు 200 డిగ్రీల వేడి రోలర్ల మధ్య పొడి కరిగి కాగితంలోకి దిగుతుంది. అంగుళానికి 600 చుక్కల లెక్కన ఏ4 కాగితం మీద దాదాపు మూడున్నర కోట్ల చోట్ల ‘ఉంది, లేదు’ తేలాలి.

టోనర్ అంటే కరిగి అంటుకున్న ప్లాస్టిక్. ఇంక్‌జెట్ ప్రింటర్ చల్లే సిరా మాత్రం నీళ్లలో కలిసినదే ఎక్కువ. మా అమ్మ మొదటి శుభలేఖ నాలుగు మూలలా తడి పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టింది. లేజర్‌లో తీయించాం కాబట్టి ఒక్క అక్షరం చెదరలేదు. శుభలేఖలకు లేజరే అడగండి.

మెట్టు 6: చెడితే ఎక్కడ చెడిందో చూడండి

అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వస్తే ఆ కంప్యూటర్‌లో తెలుగు ఫాంటు లేదు. వత్తులు విడిపోతే, మా శ్రీకి జరిగినట్టే, పొందించే సాఫ్ట్‌వేర్ లేదు. పాత డీటీపీ ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం వస్తే, అది అను లాంటి యూనికోడ్ కాని ఫాంటుతో కొట్టింది. యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్ వాడాలి. ఒక్క కీ పడకపోతే దుమ్ము కావచ్చు, సంబంధం లేని నాలుగైదు కీలు ఒకేసారి పడకపోతే లోపల ఒక గీత తెగినట్టు. ప్రింటులో ఒకే మచ్చ సమాన దూరంలో మళ్లీ మళ్లీ వస్తే డ్రమ్ము మీదో రోలరు మీదో గీటు పడింది, అది తిరిగిన ప్రతిసారీ అచ్చేస్తోంది. వేలితో రాస్తే నలుపు లేచొస్తే, వేడి రోలరు సరిగా కాగట్లేదు.

చివరగా ఆ శుభలేఖను స్కానర్‌లో పెట్టి 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) తీసి చూడండి. తెర మీద శ్రీ మళ్లీ కనిపిస్తుంది. కానీ దాని పక్కన కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ కొడదామంటే కుదరదు. స్కానర్ తెచ్చింది చుక్కల్నే. ఆ చుక్కల్లోంచి 3126, 3149, 3120, 3136 మళ్లీ రాబట్టాలంటే ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్, కావాలి. టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు తెలుగు వచ్చు. ఓసీఆర్ అయ్యాక వత్తుల దగ్గర ఒక్కో మాటా సరిచూసుకోండి, ఎక్కువ తప్పులు అక్కడే పడతాయి.