చెస్ ప్రోగ్రామ్ ఎక్కడ ఇంకాస్త లోతుగా వెతకాలి?

భీమవరం వైపు రొయ్యల రైతు రోజూ చెరువంతా వల తిప్పడు. చెక్ ట్రే పైకి లాగి మేత మిగిలిందేమో చూస్తాడు, తేడా కనిపిస్తేనే వల విసురుతాడు. కాలేజీ ప్రాజెక్టుకి చెస్ ఇంజిన్ రాసే మన డెల్టా కుర్రాళ్లకీ ఈ పొదుపే కావాలి. ఆల్ఫా-బీటా సెర్చ్ (పనికిరాని ఎత్తుల్ని వదిలేస్తూ ముందుకు చూసే పద్ధతి) ఇప్పటికే నడుస్తోందనుకుని చెబుతున్నాను.

మొదట, ఆగే చోటు సరిచేయండి. లోతు 7 అని, అంటే ఏడు ఎత్తుల దాకా చూడమని పెట్టారు. ఏడో ఎత్తులో మన మంత్రి, కాపు ఉన్న బంటుని కొట్టింది. ప్రోగ్రామ్ అక్కడే ఆగి బంటు లాభం అనుకుంటుంది, ఎనిమిదో ఎత్తులో మంత్రి పోయేది దానికి కనపడదు. కాబట్టి లోతు అయిపోగానే విలువ కట్టేయకుండా, కొట్టుకోవడాలు తేలేదాకా చూడనివ్వండి. దీన్నే క్వయిసెన్స్ సెర్చ్ అంటారు. ఇందులో కొట్టకుండా ఊరుకునే వీలు కూడా ఉండాలి, లేకపోతే కొట్టడం తప్పనిసరి అనుకుని మంత్రినే పారేసుకుంటుంది. రాజుకి చెక్ ఉంటే మాత్రం ఆ వీలు ఇవ్వకూడదు.

రెండోది, చెక్ పడ్డప్పుడు లోతు ఒకటి పెంచడం. జవాబులు కొద్దే కాబట్టి ఖర్చు తక్కువ. కానీ చెక్ మీద చెక్ పడుతూ పోతే అంతు ఉండదు. అసలు లోతుకి రెట్టింపు దాటకుండా ఆపండి.

అసలు కిటుకు మూడోదే, సింగ్యులర్ ఎక్స్‌టెన్షన్. ట్రాన్స్‌పొజిషన్ టేబుల్లో (ఇదివరకు వెతికిన స్థితుల ఫలితాలు దాచే పట్టిక) ఉన్న మంచి ఎత్తుని పక్కన పెట్టి, మిగతావాటిని సగం లోతుకి, దాని స్కోరు కన్నా కాస్త తక్కువ గీత పెట్టి వెతకండి. ఒక్కటీ గీత అందుకోకపోతే, ఆ స్థితిని మోస్తున్నది ఆ ఒక్క ఎత్తే. దాన్ని ఒకటి లోతుగా చూడండి. 1988లో అనంతరామన్, క్యాంప్‌బెల్, సూ ప్రతిపాదించిన పద్ధతి ఇది. 1997లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ని ఓడించిన ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూలోనూ ఉంది, ఉచిత చెస్ ఇంజిన్ స్టాక్‌ఫిష్‌లో ఇప్పటికీ ఉంది. మిగిలిన లోతు కనీసం ఆరో ఏడో ఉన్నప్పుడే వాడండి. అంతకన్నా కింద ఈ అదనపు వెతుకులాటే బరువు.

బంటు ఏడో వరుసకి చేరితే పెంచడం లాంటివి ఇంకా ఉన్నాయి. మొదట్లో వాటి జోలికి పోకపోవడమే మేలని నా ఉద్దేశం.

ఇక పరీక్ష. పాత వెర్షన్, కొత్త వెర్షన్ రెండింటికీ ఒకే లోతు ఇచ్చి ఆడిస్తే కొత్తదే గొప్పగా కనిపిస్తుంది, ఎందుకంటే అది దొంగచాటుగా ఎక్కువ వెతుకుతోంది. ఒకే టైము ఇచ్చి, హాస్టల్ కంప్యూటర్లో రాత్రంతా వందల ఆటలు ఆడించండి. ఒక్కో మార్పుకీ విడిగా. మూడూ ఒకేసారి కలిపితే ఏది పనిచేసిందో తేలదు.