ఐ-29 జలాంతర్గామి సేవాచరిత్రను ఎలా సమకూర్చాలి

చెన్నైలోని తెలుగు సంఘం ఏదైనా నేతాజీ జయంతికి ప్రత్యేక సంచిక వేస్తే, 1943లో ఆయనను మడగాస్కర్ సమీపాన జర్మన్ జలాంతర్గామి యు-180 నుండి ఎక్కించుకుని సుమత్రా కొసనున్న సబాంగ్ రేవుకు చేర్చిన జపాను జలాంతర్గామి ఐ-29 గురించి వ్యాసం రాయడానికి ఎవరో ఒకరు పూనుకుంటారు. ఆ ఒక్క ప్రయాణంతోనే సరిపెట్టకుండా నౌక సేవాచరిత్ర అంతా రాయదలచినవారికి ఈ సూచనలు.

ముందుగా రెండు కొసలూ స్థిరపరచుకోవాలి. ఐ-29 1942 ఫిబ్రవరి 27న నౌకాదళంలో చేరి, 1944 జులై 26న ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవికి ఉత్తరాన బాలింటాంగ్ జలమార్గంలో అమెరికన్ జలాంతర్గామి సాఫిష్ టార్పెడోలకు మునిగింది. నడుమ జరిగినదంతా తేదీల వరుసలో పట్టికగా వేసుకుని, ప్రతి తేదీ పక్కన అది ఏ దేశపు పత్రంలోనిదో గుర్తించాలి. జపాను నౌకలు ఏ సముద్రంలో ఉన్నా టోక్యో కాలమానాన్నే పాటించేవి కనుక, ఒకే సంఘటనకు జర్మన్ దినచర్యలో ఒక రోజు ముందు తేదీ కనిపించవచ్చు. సంఖ్యల విషయంలోనూ జాగ్రత్త అవసరం: 1942 మే 20న కొన్ని పాత జలాంతర్గాముల సంఖ్యలకు నూరు కలిపారు, మిడ్‌వే యుద్ధంలో అమెరికన్ విమానవాహక నౌక యార్క్‌టౌన్‌ను ముంచిన ఐ-168 అంతకుముందు ఐ-68.

ముంచిన ఓడల లెక్కను ఎదుటి పక్షపు నష్టాల జాబితాతో తప్పక సరిచూడాలి. జపాను నౌకాదళ పత్రాలలో చాలా భాగం 1945 ఆగస్టులో కాల్చివేయబడడంతో అవతలి ఆధారమే తరచు దిక్కవుతుంది. మన సంచికలలో దాదాపుగా కనిపించని విషయం ఒకటి ఇక్కడే బయటపడుతుంది. బొంబాయి నుండి ఆఫ్రికాకు వెళుతున్న తిలావా అనే ప్రయాణికుల ఓడను 1942 నవంబరు 23న ముంచినదీ ఈ ఐ-29యే. అందులో ఎక్కువమంది భారతీయులు. 280 మంది మరణించారు. నేతాజీ ప్రయాణానికి అయిదు నెలల ముందు జరిగిన దీనిని వదిలేస్తే అది సేవాచరిత్ర అనిపించుకోదని నా అభిప్రాయం. ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయానికి వెళ్ళి ఆనాటి పత్రికలు వెతికేవారు, యుద్ధకాలపు సెన్సారు వల్ల ఓడల వార్తలు ఆలస్యంగానో అసంపూర్ణంగానో వచ్చేవని గుర్తుంచుకోవాలి.

చివరి యాత్రకు కారణమూ ఫలితమూ రెండూ రాయాలి. ఫ్రాన్సులోని లోరియాన్ రేవు నుండి జర్మన్ జెట్, రాకెట్ విమానాల నమూనా పత్రాలతో బయలుదేరిన ఐ-29, 1944 జులైలో సింగపూరు చేరింది. అక్కడ దిగి విమానంలో టోక్యో వెళ్ళిన అధికారి వెంట కొన్ని పత్రాలు మాత్రమే దక్కాయి. రహస్య సందేశాలను ఛేదించిన అమెరికన్లు దాని దారిని ముందే తెలుసుకుని సాఫిష్‌ను బాలింటాంగ్ జలమార్గంలో కాపుంచారు. కనుక ఆ ఘట్టం రాసేటప్పుడు సాఫిష్ గస్తీ నివేదికనూ, ఛేదించిన సందేశాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.