మైనర్ లీగ్ అంకెలు చదవడం, 4వ పాఠం: ఏప్రిల్‌లో ఏ అంకెను నమ్మాలి?

అమెరికా బేస్‌బాల్‌లో మేజర్ లీగ్ కింద ఉండే అంచెలే మైనర్ లీగ్‌లు: పై నుంచి ట్రిపుల్-ఏ, డబుల్-ఏ, హై-ఏ, సింగిల్-ఏ. కిందటి పాఠంలో బాక్స్ స్కోరు (ఒక ఆట అంకెల పట్టిక), గేమ్ లాగ్ (ఆటగాడి ఆటలవారీ రికార్డు) చదవడం చూశాం. ఆ లాగ్‌లో సీజన్ మొదటి మూడు వారాలే ఉంటే ఏం తేల్చవచ్చో, ఏం తేల్చకూడదో ఈసారి చూద్దాం.

ట్రిపుల్-ఏ మార్చి చివర్లో మొదలవుతుంది. డబుల్-ఏ, హై-ఏ, సింగిల్-ఏ ఏప్రిల్ మొదట్లో అందుకుంటాయి. వారానికి ఆరు ఆటలు, సోమవారం సెలవు. అంటే ఏప్రిల్ చివరి వారానికి రోజూ ఆడే బ్యాటర్‌కు సుమారు 70 ప్లేట్ అప్పియరెన్సులు (బ్యాటింగ్‌కు వచ్చిన ప్రతిసారీ ఒకటి; ఇకమీదట పీఏ) వస్తాయి. స్టార్టింగ్ పిచర్‌కు (ఆట మొదట్నుంచీ బంతి వేసేవాడికి) మూడో నాలుగో స్టార్టులు. ‘ఫలానా కుర్రాడు .350 కొడుతున్నాడు’, ‘ఫలానావాడి పని అయిపోయింది’ అనే మాటలు మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. రంజీలో మొదటి రెండు మ్యాచ్‌లు చూసి టీమిండియాకు ఎంపిక చేసినట్టుంటుంది అది.

యావరేజ్ దగ్గర ఎందుకు ఆగకూడదు

యావరేజ్ అంటే హిట్లను ఎట్-బ్యాట్లతో భాగించగా వచ్చేది. పీఏల్లోంచి వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా బేస్ దొరకడం), శాక్రిఫైస్‌ల వంటివి తీసేస్తే మిగిలేవే ఎట్-బ్యాట్లు. 60 ఎట్-బ్యాట్లు తీసుకోండి. 13 హిట్లయితే .217. 17 అయితే .283. 20 అయితే .333. అట్టడుగుకూ ఆకాశానికీ మధ్య తేడా ఏడు హిట్లు. మూడు వారాల్లో ఏడు హిట్లంటే షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య ఫీల్డర్) దూకి ఆపిన రెండు బంతులు, లైన్ పక్కన బయట పడిన ఒకటి, ఎదురుగాలికి ఆగిపోయిన ఇంకొకటి... ఇలాంటివే.

నిజంగా .280 సత్తా ఉన్న బ్యాటర్‌ను 60 ఎట్-బ్యాట్ల చొప్పున పదే పదే ఆడించామనుకుందాం. మూడింట రెండుసార్లు .222కూ .338కూ మధ్య ఎక్కడో తేలతాడు. మిగతా ఒక వంతు ఆ హద్దులు కూడా దాటిపోతాడు. ఆటలో ఏ మార్పూ లేకుండానే.

ఇలా ఊగే అంకెలున్నట్టే త్వరగా కుదురుకునేవీ ఉన్నాయి. మేజర్ లీగ్ లెక్కల మీద జరిగిన పరిశోధనలో తేలిన హద్దులు (అంకెను కొంత నమ్మడానికి కావలసిన సంఖ్యలు) ఇవి: బ్యాటర్ స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లకు ఔటవడం) శాతానికి 60 పీఏ, వాక్ శాతానికి 120, హోమ్ రన్ శాతానికి 170. గ్రౌండ్ బాల్ (నేల మీద దొర్లే బంతి) శాతానికి మైదానంలో పడిన 80 బంతులు చాలు. బ్యాటింగ్ యావరేజ్‌కు మాత్రం 910 ఎట్-బ్యాట్లు కావాలి. మైనర్ లీగ్ సీజన్ 132 నుంచి 150 ఆటలే కాబట్టి, ఒక సీజన్ మొత్తం ఆడినా యావరేజ్ ఆ గీత చేరదు. మైనర్ లీగ్‌లో ఆటగాళ్ళ స్థాయి ఎగుడుదిగుడుగా ఉంటుంది. అందుకని ఈ హద్దులను గీసిన గీతల్లా కాకుండా ఉజ్జాయింపులుగా వాడండి.

సగటు వైపు లాగడం

కొద్ది ఆటల అంకె ఊగుతుంది కాబట్టి దాన్ని లీగ్ సగటు వైపు జరపాలి. ఆటగాడి అంకెకు, ఆ హద్దులో ఉన్నన్ని పీఏలు ‘లీగ్ సగటు ఆటగాడు’ ఆడినట్టు కలిపేయండి. సూత్రం:

(అతని స్ట్రైకౌట్లు + 60 × లీగ్ సగటు) ÷ (అతని పీఏ + 60)

వాక్‌లకు 60 బదులు 120. యావరేజ్‌కు 910, కింద పీఏ బదులు ఎట్-బ్యాట్లు. లీగ్ సగటును అదే ఏడాది, అదే లీగ్ పేజీలో ‘టోటల్స్’ వరుస నుంచి తీసుకోవాలి. నిరుటిది వాడకూడదు. ఎందుకో కింద చెబుతాం.

హై-ఏలో ఇద్దరు బ్యాటర్లను ఊహించుకుందాం. లీగ్ స్ట్రైకౌట్ సగటు 24 శాతం, యావరేజ్ .245 అనుకోండి.

మొదటివాడు: 70 పీఏ, 62 ఎట్-బ్యాట్లు, 14 హిట్లు, అందులో 2 హోమ్ రన్‌లు, 7 వాక్‌లు, 11 స్ట్రైకౌట్లు, 1 శాక్రిఫైస్ ఫ్లై (తను క్యాచ్ ఔటైనా రన్నర్‌కు రన్ తెచ్చే షాట్). యావరేజ్ .226.

రెండోవాడు: 66 పీఏ, 62 ఎట్-బ్యాట్లు, 22 హిట్లు, 2 హోమ్ రన్‌లు, 3 వాక్‌లు, 24 స్ట్రైకౌట్లు, 1 శాక్రిఫైస్ ఫ్లై. యావరేజ్ .355.

యావరేజ్‌ను లాగితే మొదటివాడు (14 + 223) ÷ 972 = .244, రెండోవాడు (22 + 223) ÷ 972 = .252. ఇద్దరి మధ్య 129 పాయింట్ల (.129) తేడా ఎనిమిదికి పడిపోయింది! స్ట్రైకౌట్లు లాగితే మొదటివాడు (11 + 14.4) ÷ 130 = 19.5 శాతం, రెండోవాడు (24 + 14.4) ÷ 126 = 30.5 శాతం. ఈ తేడా లాగినా నిలబడింది.

ఇక బేబిప్ చూడండి. బ్యాట్‌కు తగిలి మైదానంలో పడిన బంతుల్లో ఎన్ని హిట్లయ్యాయో చెప్పే అంకె ఇది. హిట్లలోంచి హోమ్ రన్‌లు తీసేసి, (ఎట్-బ్యాట్లు − స్ట్రైకౌట్లు − హోమ్ రన్‌లు + శాక్రిఫైస్ ఫ్లైలు)తో భాగించాలి. మొదటివాడు 12 ÷ 50 = .240. రెండోవాడు 20 ÷ 37 = .541. మేజర్ లీగ్‌లో ఇది .290–.300 దగ్గర ఉంటుంది. కింది అంచెల్లో ఫీల్డింగ్ బలహీనం కాబట్టి కాస్త ఎక్కువ. ఎంత ఉదారంగా చూసినా .541 నిలవదు. జూన్‌లో ఇద్దరిలో ఎవరి మీద పందెం కాయాలంటే మేం మొదటివాడి మీదే కాస్తాం.

ఒక మెలిక ఉంది. అంకె కుదురుకుంది అంటే, ఇప్పటిదాకా అతను ఆడింది ఏమిటో తెలిసిందని మాత్రమే. రేపు కూడా అలాగే ఆడతాడని కాదు. రొనాల్డ్ అకూన్యా జూనియర్ 2017లో 19 ఏళ్ళ వయసులో హై-ఏ ఫ్లోరిడా ఫైర్ ఫ్రాగ్స్‌తో సీజన్ మొదలుపెట్టాడు. 28 ఆటల్లో 40 స్ట్రైకౌట్లు, అంటే పీఏల్లో 31 శాతం పైనే, యావరేజ్ .287. మన సూత్రం వేస్తే అనుమానించాల్సిన కేసే. తర్వాత డబుల్-ఏ మిసిసిపీలో .326, ట్రిపుల్-ఏ గ్విన్నెట్‌లో .344 కొట్టాడు. అంచె పెరిగిన కొద్దీ పిచర్లు ముదురుతారు, స్ట్రైకౌట్ శాతం పెరగాలి. అతనిది ప్రతి అంచెలోనూ తగ్గింది. అందుకే 20 ఏళ్ళలోపు వాళ్ళ విషయంలో ఏప్రిల్ స్ట్రైకౌట్లను తీర్పుగా తీసుకోవద్దు. మే, జూన్ నెలలవి విడిగా రాసుకుని దిశ చూడండి. కాలేజీ ఆట ముగించి వచ్చిన 24 ఏళ్ళవాడు హై-ఏలో 31 శాతం ఉంటే మాత్రం అంత ఓపిక అక్కర్లేదు. అతను ఆ అంచెలో చాలామంది కంటే పెద్దవాడు. వాళ్ళ మీద గెలవాల్సిందే.

ఎక్కడ, ఎవరి మీద, ఏ బంతితో

సిరీస్‌లు మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే ప్రత్యర్థితో ఆరు ఆటలు. కాబట్టి మూడు వారాల రికార్డంటే ముగ్గురు ప్రత్యర్థులు, రెండు మూడు మైదానాలు. లాగ్‌లో తేదీ పక్కనే ఊరి పేరు రాసుకోండి.

టెక్సస్ లీగ్‌ను తీసుకుందాం. ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ ఆడేది ఇక్కడే. డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళకు అందుబాటులో ఉన్న డబుల్-ఏ మైదానం. అక్కడ బుల్‌పెన్‌లు (పిచర్లు వార్మప్ చేసే చోట్లు) ప్రేక్షకుల కుర్చీల మధ్యే ఉంటాయి, వార్మప్‌లో బంతి తిరగడం దగ్గరగా చూడాలంటే ఇంతకంటే మంచి చోటు దొరకదు. అదే లీగ్‌లో అమరిల్లో ఊరు సుమారు 3,600 అడుగుల ఎత్తున ఉంటుంది. పలచని గాలిలో ఫ్లై బాల్ దూరం పోతుంది, కర్వ్‌బాల్ తక్కువ వంగుతుంది. ఫ్రిస్కో బ్యాటర్ ఏప్రిల్‌లో కొట్టిన ఐదు హోమ్ రన్‌లలో నాలుగు అమరిల్లో వారంలోవే అయితే ఆ ఐదును ఐదుగా లెక్కపెట్టకండి. ట్రిపుల్-ఏ పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో ఆల్బకర్కీ, రీనో, సాల్ట్ లేక్ కూడా ఈ కోవలోవే.

చలి దీనికి తిరగబడిన కథ. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గితే 400 అడుగుల ఫ్లై బాల్ సుమారు 3 అడుగులు కురచవుతుంది. మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఏప్రిల్ రాత్రి 45 డిగ్రీలు, ఫ్లోరిడాలో అదే రాత్రి 75 డిగ్రీలు అనుకుంటే తేడా దాదాపు 10 అడుగులు. గోడ అవతల పడాల్సింది వార్నింగ్ ట్రాక్ (గోడ ముందున్న మట్టి పట్టీ) మీద క్యాచ్ అవుతుంది. చలి ప్రాంతాల్లో ఆడే ఈస్టర్న్ లీగ్, మిడ్‌వెస్ట్ లీగ్ బ్యాటర్ల హోమ్ రన్‌లను మే నడుమ దాకా ఆగి చూడటం మేలు.

మైనర్ లీగ్‌లకే ప్రత్యేకమైనది ఇంకోటుంది. మేజర్ లీగ్ తన ప్రయోగాలు చాలావరకు ముందు ఇక్కడ చేస్తుంది. 2023 మొదటి సగంలో డబుల్-ఏ సదరన్ లీగ్‌కు ముందే జిగురు పూసిన బంతి ఇచ్చారు. పిచర్ల పట్టు పెరిగింది, లీగ్ అంతటా స్ట్రైకౌట్లు ఎగబాకాయి. 19 ఏళ్ళ జాక్సన్ చూరియో అప్పుడు ఆ లీగ్‌లోని బిలాక్సీ జట్టులో ఆడుతున్నాడు. మొదటి నెలల్లో అతని అంకెలు చూసి పెదవి విరిచినవాళ్ళున్నారు. మామూలు బంతి తిరిగొచ్చాక స్ట్రైకౌట్లు బాగా తగ్గాయి, యావరేజ్ లేచింది. ఆ డిసెంబర్‌లోనే మేజర్ లీగ్ జట్టు మిల్వాకీ అతనితో 8 ఏళ్ళకు 8.2 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ట్రిపుల్-ఏలో కూడా 2023లో బాల్-స్ట్రైక్‌లు యంత్రం చెప్పడం మొదలయ్యాక వాక్‌లు పెరిగాయి. లీగ్ సగటు ఈ ఏడాదిదే వాడమన్నది అందుకే.

పిచర్ల సంగతి

ఈఆర్ఏ అంటే 9 ఇన్నింగ్స్‌కు పిచర్ ఇచ్చిన ఎర్న్‌డ్ రన్‌లు (ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి కాకుండా మిగిలినవి). అది బ్యాటింగ్ యావరేజ్ కంటే అధ్వానం. 20 ఇన్నింగ్స్‌లో 10 ఎర్న్‌డ్ రన్‌లిచ్చినవాడిది 4.50. అందులో 5 రన్‌లు ఒకే చెడ్డ ఇన్నింగ్స్‌లో వచ్చుంటే, అది తీసేస్తే 2.37. పైగా ఏప్రిల్‌లో బంతుల సంఖ్య మీద గట్టి పరిమితి ఉంటుంది, ఇన్నింగ్స్ మధ్యలోనే దించేస్తారు. బేస్‌ల మీద అతను వదిలివెళ్ళిన రన్నర్లను తర్వాత వచ్చిన రిలీవర్ (బదులు పిచర్) హోమ్ దాకా రానిస్తే ఆ రన్‌లూ మొదటివాడి ఖాతాలోనే పడతాయి. కొన్నిసార్లు క్లబ్బే ‘ఇవాళ చేంజప్ (వేగం తగ్గించి మోసం చేసే బంతి) ఎక్కువ వెయ్యి’ అని పని అప్పగిస్తుంది. దెబ్బలు తిన్నా ఫరవాలేదన్న మాట.

పిచర్‌కు కుదురుకునే హద్దులు: స్ట్రైకౌట్ శాతానికి 70 మంది బ్యాటర్లు, అంటే దాదాపు నాలుగు స్టార్టులు. వాక్ శాతానికి 170 మంది, అంటే జూన్ దాకా ఆగాలి. శాతాలే వాడండి. 9 ఇన్నింగ్స్‌కు ఇన్ని స్ట్రైకౌట్లు అనే పద్ధతిలో, ఎక్కువమంది బ్యాటర్లను బేస్ ఎక్కించిన పిచర్‌కు స్ట్రైకౌట్లకు అవకాశాలూ ఎక్కువ దొరుకుతాయి.

తల్లి వైపు భారతీయ మూలాలున్న కుమార్ రాకర్ ఉదాహరణ చూడండి. 2022 డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే కార్యక్రమంలో) మొత్తం మీద మూడో ఎంపికగా టెక్సస్ రేంజర్స్ అతన్ని తీసుకుంది. 2023లో హై-ఏ హికరీలో 6 స్టార్టులు, 28 ఇన్నింగ్స్, ఈఆర్ఏ 3.86. ఇంతవరకే చూస్తే సాదాసీదా. అదే 28 ఇన్నింగ్స్‌లో స్ట్రైకౌట్లు 42. మొత్తం 84 ఔట్లలో సగం! చూడాల్సిన అంకె అది. ఆ మేలోనే మోచేతికి టామీ జాన్ సర్జరీ జరిగింది. ఆ ప్రమాదాన్ని పట్టికలో ఏ అంకే చూపించదు. లాగ్‌లో స్టార్టుల మధ్య ఖాళీ హఠాత్తుగా పెరిగితే లెక్క ఆపి గాయాల జాబితా చూడండి. అతను 2024 సెప్టెంబర్‌లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు.

అభ్యాసం

సింగిల్-ఏ పిచర్, 20 ఏళ్ళు, నాలుగు స్టార్టులు: 18 ఇన్నింగ్స్, 76 మంది బ్యాటర్లు, 24 స్ట్రైకౌట్లు, 11 వాక్‌లు, 11 ఎర్న్‌డ్ రన్‌లు, ఈఆర్ఏ 5.50. లీగ్ సగటు స్ట్రైకౌట్లు 24 శాతం, వాక్‌లు 11 శాతం. రెండింటినీ సగటు వైపు లాగండి.

స్ట్రైకౌట్లు 27.9 శాతం, వాక్‌లు 12.1 శాతం రావాలి. వాక్‌లు 12.3 వచ్చిందంటే 170 బదులు 120 వేశారు. అది బ్యాటర్ హద్దు. అంకె వందల్లోనో వేలల్లోనో వస్తే లీగ్ సగటును 0.24 అని కాకుండా 24 అని రాసుంటారు.