ముంబై లోకల్‌లో ఊరు చూడబోతున్నారా? ఎక్కినవాళ్లు దూకొద్దు, కిందివాళ్లు పరిగెత్తొద్దు

2025 జూన్ 9 ఉదయం ముంబై శివారు ముంబ్రా స్టేషన్ దగ్గరి మలుపులో రెండు లోకల్ రైళ్లు పక్కపక్క పట్టాల మీద ఎదురెదురుగా వెళ్తున్నాయి. గుమ్మాల్లో వేలాడుతున్న జనం ఒకరికొకరు తగిలి పట్టాల మీద పడ్డారు. నలుగురు ఆ రోజే పోయారు. వీపు బ్యాగు తగిలిందా, పట్టాల్లో లోపం ఉందా అన్న వాదన చాలా రోజులు నడిచింది. ఏది నిజమైనా, పడ్డది మాత్రం గుమ్మంలో ఉన్నవాళ్లే.

ఆఫీసులకు పోయే జనం గొడవ మనకెందుకు అనుకోవద్దు. రోజూ తిరిగేవాళ్లకు ఆ గుమ్మం సంగతి తెలుసు. కోణార్క్‌లోనో దేవగిరిలోనో వచ్చి, మర్నాడు గేట్‌వే ఆఫ్ ఇండియా చూద్దామని లోకల్ ఎక్కే కుటుంబానికి తెలియదు. వానాకాలంలో వచ్చేవాళ్లు, వీసా ఇంటర్వ్యూ అయ్యాక మిగిలిన రోజు ఊరు చూసేవాళ్లు, గణపతి ఉత్సవాలకు లాల్‌బాగ్ వచ్చేవాళ్లు ఇది చదివి బయల్దేరండి. గొడుగు, నీళ్ల సీసా, పర్సు జాగ్రత్త ఎవరూ చెప్పక్కర్లేదు.

కుటుంబాలను ముంచే తప్పు

లోకల్ ఒక స్టేషన్‌లో ఆగేది 20, 30 సెకన్లు. దాదర్‌లో బండి ఆగుతుంది. తండ్రి ఒక చేత్తో బ్యాగు, ఇంకో చేత్తో పెద్దవాణ్ణి పట్టుకుని జనంతో పాటు లోపలికి వెళ్లిపోతాడు. వెనకాల జనం కమ్ముకుంటారు. చంటిదాన్ని ఎత్తుకున్న తల్లి గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది. హారన్ మోగుతుంది, బండి కదులుతుంది. ఆ క్షణంలో ఆమె కమ్మీ అందుకుందామని పరిగెత్తుతుంది, లేదా ఆయన దూకేస్తాడు. ప్రాణం పోయేది అక్కడే.

ఎందుకంటే మన ఎక్స్‌ప్రెస్‌ను ముందున్న ఇంజను లాగాలి, అది మెల్లగా కదులుతుంది. నాలుగు అడుగులు పరిగెత్తి ఎక్కడం మనవాళ్లకు అలవాటైపోయింది. లోకల్‌కు విడిగా ఇంజను ఉండదు. మధ్యమధ్య డబ్బాల కిందే మోటార్లు ఉంటాయి, కొద్ది సెకన్లలోనే బండి మనిషి పరుగును మించిపోతుంది. దూకినవాడి కాలు ప్లాట్‌ఫాం మీద ఆగుతుంది, ఒళ్లు మాత్రం బండి వేగంతో ముందుకు పోతుంది. పడితే బండికీ ప్లాట్‌ఫాంకీ మధ్య సందులోకే. 2014 జనవరిలో ఘాట్‌కోపర్‌లో బండి ఎక్కబోయిన ఒక కాలేజీ అమ్మాయి ఆ సందులో పడి రెండు చేతులూ పోగొట్టుకుంది. ఆ తర్వాత చాలా స్టేషన్లలో ప్లాట్‌ఫాం ఎత్తు పెంచారు. సందు తగ్గింది కానీ పోలేదు.

కాబట్టి హోటల్ గదిలోనే అందరూ కలిసి ఒక్క మాట అనుకోండి. ఎక్కినవాళ్లు దూకరు. తర్వాతి స్టేషన్‌లో దిగి, ఎదురు బండి పట్టుకుని వెనక్కి వస్తారు. కింద మిగిలినవాళ్లు అదే ప్లాట్‌ఫాం మీద, ఇండికేటర్ కింద నిలబడతారు, అక్కణ్ణుంచి కదలరు. ఇద్దరూ ఒకరినొకరు వెతుక్కుంటూ బయల్దేరితే సాయంత్రం దాకా కలవరు. ఒకరు నిలబడితేనే రెండోవాళ్లు దొరుకుతారు. ఫోన్ పనిచేయకపోయినా ఈ పద్ధతి పనిచేస్తుంది. ఫాస్ట్ బండి (చిన్న స్టేషన్లలో ఆగనిది) అయితే తర్వాతి స్టాపు దూరంగా ఉంటుంది. దాదర్ దాటి ఉత్తరానికి పోతే వెస్టర్న్ లైన్‌లో బాంద్రా, సెంట్రల్ లైన్‌లో మామూలుగా కుర్లా. అరగంట పట్టినా కంగారు పడొద్దు.

ఆరుగురుంటే ముందే రెండు జట్లవండి. ప్రతి జట్టులో ఒక పెద్ద మనిషి, ఒక ఫోన్, ఆ జట్టు టికెట్లు వాళ్ల దగ్గరే. ఎక్కేటప్పుడు ముందు ఒక పెద్దవాళ్లు, మధ్యలో పిల్లలు, ముసలివాళ్లు, చివర ఇంకో పెద్దవాళ్లు. ఆ చివరి మనిషికి చోటు లేకపోతే ఆయన ఆగిపోవాలి. అంతే. మూడు నాలుగు నిమిషాల్లో ఇంకో బండి వస్తుంది.

పరిగెత్తే అవసరమే రాకుండా

ఇండికేటర్ చదవడం నేర్చుకోండి. గమ్యం పక్కన ఎఫ్ ఉంటే ఫాస్ట్, ఎస్ ఉంటే స్లో. ఆ పక్కన 12 లేదా 15 అని డబ్బాల లెక్క. 12 డబ్బాల బండి వస్తుంటే పొడుగాటి ప్లాట్‌ఫాం చిట్టచివర నిలబడొద్దు. బండి మీ ముందు నుంచే వెళ్లి ముందెక్కడో ఆగుతుంది, పరుగు మొదలవుతుంది. దాదర్‌లో 2023 డిసెంబర్ నుంచి నంబర్లు మారాయి: వెస్టర్న్‌వి 1 నుంచి 7, సెంట్రల్‌వి 8 నుంచి 14. పాత వీడియోలు చూసి వెళ్తే తప్పు మెట్లు దిగుతారు.

ఉదయం 8 నుంచి 11 దాకా దక్షిణాన చివరి స్టేషన్లైన చర్చిగేట్, సీఎస్ఎంటీ (ఛత్రపతి శివాజీ టెర్మినస్) వైపు వెళ్లే బండ్లు ఎక్కొద్దు. సాయంత్రం అయిదున్నర నుంచి 9 దాకా అటునుంచి వచ్చేవీ ఎక్కొద్దు. 11 తర్వాత బయల్దేరి నాలుగున్నర లోపు తిరిగి రండి, లేదా సముద్రం ఒడ్డున మెరైన్ డ్రైవ్‌లో కూర్చుని 9 తర్వాత రండి. రద్దీ వేళ విరార్ ఫాస్ట్ ఎక్కి బోరివలిలో దిగుదామనుకోవద్దు. ఇంకా దూరం విరార్ దాకా పోయే జనం దారిలో దిగనివ్వరు. ఆదివారాలు మెగాబ్లాక్ ఉంటుంది, అంటే మరమ్మతుల కోసం కొన్ని లైన్లు ఆపేస్తారు. స్లో బండ్లను ఫాస్ట్ పట్టాల మీద నడుపుతారు, చిన్న స్టేషన్లలో ఆగవు. ముందు రోజే చూసుకోండి.

చంటిపిల్లలు, మోకాళ్ల నొప్పులవాళ్లు ఉంటే భూగర్భంలో నడిచే మెట్రో 3 మేలు. 2025 అక్టోబర్ నుంచి కఫ్ పరేడ్ దాకా నడుస్తోంది. సిద్ధివినాయక్, మహాలక్ష్మి, సీఎస్ఎంటీ, చర్చిగేట్ అన్నీ ఆ దారిలోనే. తలుపులు మూసుకున్నాకే కదులుతుంది. ఏసీ లోకల్ కూడా అంతే, కానీ దానికి మామూలు టికెట్ చెల్లదు.

వాన పడితే

వర్షం ఎంత పడుతుందో ఒక్కటే చూస్తే సరిపోదు, సముద్రం పోటు వేళ చూడండి. పోటు నాలుగున్నర మీటర్లు దాటే సమయంలో గట్టి వాన పడితే కాలువల్లోని నీళ్లు సముద్రంలోకి పోవు, రోడ్ల మీదే నిలుస్తాయి. హింద్‌మాతా, కింగ్స్ సర్కిల్, సయన్, అంధేరి సబ్‌వే, మిలన్ సబ్‌వే ముందు మునుగుతాయి. 2017 ఆగస్టు 29న వరద నీళ్లలో ఇంటికి నడిచి వెళ్తున్న పేరున్న డాక్టరు తెరిచిన మ్యాన్‌హోల్‌లో పడి చనిపోయారు. ఆయన ఈ ఊరివారే. ఊరు తెలిసిన మనిషికే కనిపించని గుంత మీకు కనిపిస్తుందా? రోడ్డు కనిపించని నీళ్లలో దిగొద్దు. నీళ్లలో చెట్టుకొమ్మో కర్రో గుచ్చి ఉంటే అక్కడ గుంత ఉన్నట్టే.

కరెంటు స్తంభాలు పట్టుకోవద్దు. పాదానికి పుండుంటే ఆ నీళ్లు తగలనివ్వొద్దు, లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే జ్వరం) రావచ్చు. తగిలితే సబ్బుతో కడిగి, 72 గంటల్లోపు డాక్టరును అడిగి మందు వేసుకోండి.

ఓవర్‌బ్రిడ్జి మెట్ల మీద వాన తగ్గేదాకా ఆగొద్దు. 2017 సెప్టెంబర్ 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ (ఇప్పుడు ప్రభాదేవి) స్టేషన్ బ్రిడ్జి మెట్ల మీద జనం అలా ఆగినప్పుడే తొక్కిసలాటలో 23 మంది పోయారు. తడవండి, కిందికి దిగిపోండి.

బండి మధ్యలో ఆగిపోతే పట్టాల మీదికి దిగొద్దు. పైన 25,000 వోల్టుల తీగ, పక్క లైనులో ఇంకో బండి.

మెరైన్ డ్రైవ్ నాలుగు కాళ్ల సిమెంటు దిమ్మెల మీదికి దిగొద్దు, నాచు పట్టి ఉంటాయి.

సముద్రంలో ఉన్న హాజీ అలీ దర్గాకు పోయే దారి పోటులో మునుగుతుంది. అలలు దారి మీదికి వస్తుంటే బయల్దేరొద్దు. లోపల ఉంటే పోటు దిగేదాకా లోపలే ఉండండి.

పడవలో వెళ్లే ఎలిఫెంటా గుహలు సోమవారం మూత. వానాకాలం పడవలు ఎప్పుడైనా ఆపేస్తారు. పడవ ఎక్కగానే లైఫ్ జాకెట్ కట్టుకోండి. ఇవ్వకపోతే అడగండి. 2024 డిసెంబర్ 18న నేవీ స్పీడ్‌బోటు గుద్ది పడవ మునిగిన దారి అదే.

గుమ్మంలో నిలబడి ఫోన్‌లో వీడియో తీయొద్దు. పట్టాల పక్కన కర్రతో చేతి మీద కొట్టి ఫోన్ పడేసే దొంగలున్నారు, ఫట్కా గ్యాంగ్ అంటారు. ఫోన్ కోసం వంగినవాడే కింద పడతాడు.

వీపు బ్యాగు ముందుకు వేసుకోండి.

పొరపాటున ఫస్ట్ క్లాస్ ఎక్కారా? జరిమానా 250, పైన టికెట్ తేడా. కట్టేయండి, లేదా తర్వాతి స్టేషన్‌లో డబ్బా మారండి. టీసీని చూసి కదిలే బండి దిగొద్దు.

మీ స్టేషన్ దాటిపోయిందా? పోనివ్వండి. దూకొద్దు.

చెప్పు జారి పడిందా? పోనివ్వండి.

పట్టాలు దాటొద్దు, ఎంత దగ్గరగా కనిపించినా.

రైల్వే సాయం 139, రైల్వే పోలీసు 1512, వరద నీళ్లకు కార్పొరేషన్ కంట్రోల్ రూం 1916. ఈ మూడూ, హోటల్ పేరూ, మీ నంబరూ కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ప్రతి పిల్లవాడి జేబులో ఉంచండి.

బయల్దేరే ముందు పిల్లల చేత ఈ మాట రెండుసార్లు పలికించండి: "నాన్న బండిలో వెళ్లిపోయినా నేను పరిగెత్తను. ఇక్కడే నిలబడతాను. నాన్నే వస్తాడు."