అబార్షన్ కోసం వచ్చిన టీనేజ్ పిల్లతో ఎలా మాట్లాడాలి?

ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో పొద్దున్నే బస్సెక్కి ఒక పిల్ల నెల్లూరుకో ఒంగోలుకో వచ్చిందంటే, సొంతూర్లో తెలిసినోళ్ల కంట పడకూడదనే కదా. మనోళ్లేమో ఓపీ కిటికీ దగ్గరే నిలబెట్టి "ఎన్నో నెలమ్మా, మీ ఆయనేడి" అని వెనక లైన్లో అందరికీ వినపడేలా అడుగుతారు. అబార్షన్ చట్టానికి (ఎంటీపీ యాక్ట్) 2021లో చేసిన సవరణ తర్వాత పేషెంట్ వివరాలు బయటపెడితే ఏడాది దాకా జైలు పడొచ్చు, ఆ సంగతి ఎంతమందికి తెలుసో. నర్సులు, ఆశాలు, కౌన్సిలర్లు, ఇది మీకోసమే రాస్తన్నా.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. తలుపేసుకునే గది, రెండు కుర్చీలు, మంచినీళ్లు, క్యాలెండర్. కుర్చీల మధ్య టేబుల్ ఉండకూడదు, ఇందులో బేరం లేదు. రిజిస్టరు తర్వాత తీయండి, పిల్ల మాట్లాడతా ఉంటే మీరు రాసుకుంటా కూర్చుంటే పోలీస్ స్టేషన్లో వాంగ్మూలం ఇచ్చినట్టే ఉంటది.

ముందు మీ పేరు చెప్పండి. మొదటి ప్రశ్న పెళ్లయిందా అని కాదు, చివరిసారి పీరియడ్ ఎప్పుడొచ్చింది అని. తేదీ చాలామందికి గుర్తుండదు, "రొట్టెల పండక్కి ముందా తర్వాతా, సంక్రాంతి సెలవుల్లోనా" అని పండగలు పట్టుకుని వెనక్కి పోతే తేలిపోద్ది, క్యాలెండర్ అందుకే. ఈ లెక్క తేలితేనే దారి తెలుస్తది: 9 వారాల లోపైతే మాత్రలతో అవుద్ది, 20 వారాల దాకా ఒక డాక్టర్ ఒప్పుకుంటే చాలు, 20 దాటితే మైనర్లకి 24 వారాల దాకా చేయొచ్చు, కానీ ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. "ఈ వయసులో ఇదేం పని" అనే పాఠం మాత్రం వద్దు, అది ఇంట్లో ఆల్రెడీ విని వచ్చుంటది.

ఇంక అసలు సంగతి, అందరూ చెడగొట్టేది ఇక్కడే.

తోడొచ్చినోళ్ల ముందు ఏ పిల్లా నిజం చెప్పదు. అట్లని "మీరు బయటికి పోండి" అంటే తల్లికి అనుమానం, పిల్లకి భయం. "ఇక్కడ అందరితో ముందు ఒక్కళ్లతోనే మాట్లాడతాం అక్కా, కాసేపట్లో మిమ్మల్నీ పిలుస్తా" అనండి. మేనమామ వచ్చినా బావ వచ్చినా మొగుడొచ్చినా ఇదే రూలు, ఎందుకంటే ఒక్కోసారి తోడొచ్చినోడే కారణం అయ్యుంటాడు.

తలుపేశాక చాలామంది నోట్లోంచి వచ్చే మాట "నాతో చెప్పు తల్లీ, ఎవరికీ చెప్పనులే". ఈ మాట పొరపాటున కూడా అనొద్దు. పిల్లకి 18 నిండకపోతే పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల) చట్టం ప్రకారం పోలీసులకి తెలియజేయాల్సిందే, దాస్తే మనమీదే కేసు. నమ్మించి అంతా చెప్పించుకుని సాయంత్రం స్టేషన్‌కి ఫోన్ చేశామనుకోండి, ఆ పిల్ల మళ్లీ ఆస్పత్రి గడప తొక్కదు, ఏ నాటుమందు ఇచ్చేవాళ్ల దగ్గరికో పోద్ది. అందుకే ముందు హద్దు చెప్పాలి, తర్వాతే ప్రశ్నలు. నేనైతే ఇట్లా చెప్తా: "నువ్వు చెప్పేది నిన్ను అడక్కుండా బయట కూర్చున్న మీ అమ్మకి కూడా చెప్పను. కానీ నీకు 18 నిండలేదంటే పోలీసులకి రాసివ్వాలి. నువ్వూ మీ పెద్దోళ్లూ అడిగితే అందులో నీ పేరు, ఊరు పెట్టం. ఇది విన్నాక నీకు ఎంత చెప్పాలనిపిస్తే అంత చెప్పు." పేరు పెట్టక్కర్లేదన్నది నా సొంత కవిత్వం కాదు, 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఉంది. ఇది తెలీక, కేసంటే భయపడి, పెద్దాసుపత్రికి పొమ్మని చీటీ రాసి చేతులు దులిపేసుకుంటారు, అట్లా తిరిగేసరికి వారాలు కరిగిపోతాయి.

చెప్పాక నోరు మూసుకుని కూర్చోండి. పిల్ల చున్నీ కొస మెలిపెడతా నేల చూస్తంటది, చూడనీండి. ట్రైనింగ్‌లో ఇచ్చిన కాగితం చదివి టిక్కులు కొట్టుకుంటా పోయేవాళ్లకి పిల్ల కూడా అవును, కాదు అని టిక్కులే ఇస్తది. "ఎవడు వాడు" అనొద్దు. ఎవరన్నా బలవంతం చేశారా, ఇంటికి పోతే కొడతారా, తీయించుకోవడం నీకు ఇష్టమేనా, ఇవి అడగండి. సంతకం పెద్దోళ్లదైనా ఆ చివరి ప్రశ్నకి జవాబు పిల్ల నోటినుంచే రావాలి.

సంతకం గురించి గొడవలొద్దు. 18 లోపు అయితే గార్డియన్ సంతకం కావాలి, గార్డియన్ అంటే పిల్ల బాగోగులు చూసుకునేవాళ్లు, తండ్రే రావాలని చట్టంలో లేదు. 18 నిండితే తన సంతకం చాలు, మొగుడి సంతకం అడిగేది మనోళ్ల అలవాటంతే. స్కానింగ్‌లో స్క్రీన్ పక్కకి తిప్పేయండి.

మాత్రలు ఇచ్చి పంపేటప్పుడు నొప్పి, బ్లీడింగ్ ఉంటదని ముందే చెప్పండి, గంటకి రెండు ప్యాడ్లు చొప్పున వరసగా రెండు గంటలు తడిసిపోతే, జ్వరం తగ్గకపోతే అర్ధరాత్రైనా రమ్మనండి. ఫోన్ నంబర్ తీసుకునేముందు ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటదో అడగాలి, చాలా ఇళ్లల్లో అన్న దగ్గరుంటది. అందుకని మీరు చేయొద్దు, తననే చేయమనండి, ఇంటికి తీసుకుపోయే చీటీ మీద మళ్లీ రావాల్సిన తేదీ, టైమ్ తప్ప ఇంకేం రాయొద్దు.