లీఫ్ స్విచ్‌లో క్యూఓఎస్: ఎవరు ముందు, ఎవరికి ఎంత

క్యూఓఎస్ అంటే లింక్ నిండినప్పుడు ఏ ట్రాఫిక్ ముందు పోవాలో, దేనికి ఎంత వాటా ఇవ్వాలో స్విచ్‌కి చెప్పడం. కొత్త ర్యాక్ పెట్టిన ప్రతిసారీ స్టోరేజ్ టీమ్ నుంచి వచ్చే మొదటి మాట ఇదే: "మాకు యాభై శాతం రాసేయండి, చాలు." శాతాల సంగతి తర్వాత. ప్యాకెట్ పోతే తట్టుకునేది ఏది, తట్టుకోలేనిది ఏది అని ముందు కాగితం మీద రాసుకోండి.

ర్యాక్‌లోని సర్వర్లకి 25జీ (సెకనుకి 25 గిగాబిట్ల) పోర్టులు, పైన లీఫ్‌లన్నిటినీ కలిపే స్పైన్ స్విచ్‌లకి 100జీ అప్‌లింకులు ఉన్న లీఫ్ స్విచ్ అనుకుందాం. వెబ్, డేటాబేస్, బ్యాకప్ అన్నీ టీసీపీ మీదే నడుస్తాయి. ప్యాకెట్ పోతే మళ్లీ పంపుకుంటాయి, వేగం తగ్గించుకుంటాయి. స్టోరేజ్‌కి వాడే ఐస్కజీ (iSCSI) కూడా టీసీపీయే కాబట్టి ఎంత బతిమాలినా దానికి నో-డ్రాప్ క్లాస్, అంటే ప్యాకెట్ పోనివ్వని క్లాస్, ఇవ్వను. అసలు సమస్య ఈథర్‌నెట్ మీద నడిచే ఆర్‌డీఎంఏతో (ఒక సర్వర్ మెమరీ నుంచి ఇంకోదాని మెమరీకి నేరుగా డేటా పంపే పద్ధతి), అంటే అందరూ రాకీ (RoCE) అని పిలిచే దానితో. అందులో ఒక్క ప్యాకెట్ పోతే చాలు, చాలా నిక్‌లు (సర్వర్ నెట్‌వర్క్ కార్డులు) అక్కడి నుంచి వరుసగా అన్నీ మళ్లీ పంపుతాయి. నో-డ్రాప్ దీనికి ఒక్కదానికే.

ఇక మార్కింగ్, అంటే ఏ ప్యాకెట్ ఏ క్లాసో దాని హెడర్‌లోనే రాయడం. ఈథర్‌నెట్ ఫ్రేములోని వీలాన్ ట్యాగ్‌లో ప్రయారిటీకి 3 బిట్లు, ఐపీ హెడర్‌లోని డీఎస్‌సీపీకి 6 బిట్లు ఉంటాయి. నేను డీఎస్‌సీపీనే వాడతాను. లీఫ్ నుంచి స్పైన్‌కి రూటింగ్ జరిగితే వీలాన్ ట్యాగ్ అక్కడితో ఆగిపోతుంది, ఐపీ హెడర్ మాత్రం చివరిదాకా వెళ్తుంది. పైగా ట్యాగ్ కోసం సర్వర్ పోర్టుని ట్రంక్ (ట్యాగ్ ఉన్న ఫ్రేముల్ని మోసే పోర్టు) చేస్తే పీఎక్స్ఈ బూట్‌తో, అంటే నెట్‌వర్క్ నుంచి సర్వర్ బూట్ చేయడంతో, తలనొప్పి. మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు 2016లో తమ రాకీ అనుభవం ప్రచురించినప్పుడు డీఎస్‌సీపీకి మారడానికి చెప్పిన కారణాలు కూడా ఈ రెండే. రాకీ డేటాకి 26, రద్దీ కబురు మోసే సీఎన్‌పీ ప్యాకెట్లకి 48 పెట్టండి. ఎనిమిదితో భాగించి శేషం వదిలేస్తే ప్రయారిటీ 3, 6 వస్తాయి. చాలా నిక్‌లలో డిఫాల్ట్ మ్యాపింగ్ అదే. స్టోరేజ్ సర్వర్ల పోర్టుల్లో మాత్రమే ఈ మార్కుల్ని నమ్మండి. వీఎంలు (వర్చువల్ మెషీన్లు) ఉన్న పోర్టుల్లో వచ్చినదాన్ని సున్నాకి తిప్పేయండి. లేకపోతే ఎవడో ఒకడు తన బ్యాకప్ స్క్రిప్ట్‌కి 26 పెట్టుకుంటాడు.

సిస్కో నెక్సస్ స్విచ్‌లలో ఈ పని మూడు పాలసీలుగా ఉంటుంది: టైప్ క్యూఓఎస్‌లో గుర్తుపట్టడం, టైప్ క్యూయింగ్‌లో పంచడం, టైప్ నెట్‌వర్క్-క్యూఓఎస్‌లో నో-డ్రాప్, ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు). వేరే కంపెనీ స్విచ్‌లలో పేర్లు మారొచ్చు, చేయాల్సిన పనులు ఇవే.

ఇప్పుడు శాతాలు. రాకీకి 50, మామూలు ట్రాఫిక్‌కి 40, బ్యాకప్‌కి 10. మొత్తం వంద కావాలి. 25జీ పోర్టులో బ్యాకప్ వాటా 2.5జీ అవుతుంది. ఇది కనీస హామీ మాత్రమే, గరిష్ఠ పరిమితి కాదు. రాత్రి రెండింటికి లింక్ ఖాళీగా ఉంటే బ్యాకప్ దాన్నంతా వాడుకోవచ్చు, నిక్షేపంగా. అలా వాడకూడదంటే విడిగా షేపర్ (వేగానికి గరిష్ఠ పరిమితి) పెట్టాలి. సీఎన్‌పీ క్యూకి మాత్రం స్ట్రిక్ట్ ప్రయారిటీ ఇవ్వండి. స్ట్రిక్ట్ అంటే బేగంపేట రోడ్డు మీద సీఎం కాన్వాయ్ లాంటిది, అది పోయేదాకా మిగతా బండ్లన్నీ ఆగాలి. సీఎన్‌పీలు చిన్నవి, తక్కువ కాబట్టి పర్వాలేదు. డేటాని ఆ క్యూలో పడేస్తే మిగతా క్యూలు ఎండిపోతాయి.

నో-డ్రాప్‌ని నిలబెట్టే పాజ్ పద్ధతి పీఎఫ్‌సీ. దాని దగ్గర తొందరపడొద్దు. బఫర్ నిండబోతుంటే అవతలి వైపుకి ఆ ఒక్క ప్రయారిటీ మీద ఆగమని స్విచ్ చెబుతుంది. కానీ ఆ మాట చేరేలోపు దారిలో ఉన్న ప్యాకెట్లు వస్తూనే ఉంటాయి, వాటికి విడిగా జాగా ఉంచాలి. దాన్నే హెడ్‌రూమ్ అంటారు. ఫైబర్‌లో మీటరుకి సుమారు 5 నానోసెకన్లు. 300 మీటర్ల 100జీ లింక్ మీద రానూపోనూ 3 మైక్రోసెకన్లు, ఆలోపు వచ్చిపడేది 37.5 కేబీ. దీనిపైన రెండు వైపులా అప్పటికే బయల్దేరిన జంబో (పెద్ద సైజు) ఫ్రేముల జాగా కూడా కలపాలి. ఇది ప్రతి పోర్టుకి, ప్రతి నో-డ్రాప్ క్లాస్‌కి కావాలి. ట్రైడెంట్ 2 లాంటి స్విచ్ చిప్‌లో అన్ని పోర్టులకీ కలిపి ఉన్న బఫర్ 12 ఎంబీ. నో-డ్రాప్ క్లాసులు పెంచుకుంటూ పోకపోవడానికి కారణం ఇదే. కేబుల్ పొడవు అడిగే స్విచ్‌లో నిజమైన పొడవే ఇవ్వండి.

పీఎఫ్‌సీ ఆఖరి ఆయుధంగా ఉండాలి. ఒక పోర్టులో మొదలైన పాజ్ స్పైన్ దాకా పాకి, సంబంధం లేని సర్వర్లనీ ఆపేస్తుంది. అందుకే ఈసీఎన్ (క్యూ పెరుగుతుంటే ప్యాకెట్ల మీద రద్దీ గుర్తు పెట్టే పద్ధతి) థ్రెషోల్డ్‌ని పీఎఫ్‌సీ మొదలయ్యే స్థాయి కంటే బాగా కింద పెట్టండి. ముందు ప్యాకెట్ల మీద గుర్తు పడుతుంది, అందుకునే నిక్ సీఎన్‌పీ పంపుతుంది, పంపేవాడు నెమ్మదిస్తాడు. పీఎఫ్‌సీ వాచ్‌డాగ్ కూడా ఆన్ చేయండి. చెడిపోయిన నిక్ ఒక్కటి ఆపకుండా పాజ్‌లు పంపుతుంటే ఆ క్యూని పక్కన పెట్టేది అదే.

పరీక్షకి రెండు సర్వర్ల నుంచి మూడోదానికి ఒకేసారి రాకీ ట్రాఫిక్ తోలి, పక్కనే ఐపెర్ఫ్ (ట్రాఫిక్ పుట్టించే టూల్)తో టీసీపీ నడపండి. షో క్యూయింగ్ ఇంటర్‌ఫేస్ కమాండ్‌లో నో-డ్రాప్ క్యూ డ్రాపులు సున్నా ఉండాలి, ఈసీఎన్ మార్కులు పెరగాలి, పాజ్‌లు కొద్దిగానే కనబడాలి. మార్కులు లేకుండా పాజ్‌లే పెరుగుతుంటే థ్రెషోల్డ్ ఎక్కువైంది, లేదా నిక్‌లో ఈసీఎన్ ఆన్ కాలేదు. అసలు రెండూ కదలకపోతే ట్రాఫిక్ డిఫాల్ట్ క్యూలో పోతోందేమో చూడండి. సర్వర్‌లో నిక్ మార్చినా, ఫర్మ్‌వేర్ ఎక్కించినా ఈ పరీక్ష మళ్లీ చేయాలి, ఎందుకంటే సెట్టింగులు డిఫాల్ట్‌కి వెళ్లిపోయి ఉండొచ్చు.