ఈ వానాకాలంలో బెజవాడ వాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలు: ముందు మీ వీధికి ఏ నీళ్లు వస్తాయో తెలుసుకోండి

విజయవాడలో వరద అనగానే అందరి చూపూ ప్రకాశం బ్యారేజీ మీదకే పోతుంది. ఇన్‌ఫ్లో ఎంత, అవుట్‌ఫ్లో ఎంత, ఎన్ని గేట్లు ఎత్తారు అని టీవీ స్క్రోలింగ్ చూస్తూ కూర్చుంటాం. కానీ 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, కండ్రిక, రాజరాజేశ్వరిపేట ఇళ్లలోకి వచ్చిన నీళ్లు కృష్ణానదివి కావు, బుడమేరు వాగువి. మరుసటి రోజు కృష్ణలోనూ రికార్డు వరద వచ్చింది. బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వెళ్లాయి. 2009 అక్టోబరులో అంతకంటే తక్కువ వరదకే కృష్ణలంక మునిగింది. 2024లో అక్కడ నది ఒడ్డున కట్టిన రిటైనింగ్ వాల్ చాలా వరకు కాపాడింది. నదికి ఇంత దూరంలో ఉన్నాం, మనకేం కాదులే అనుకున్న సింగ్‌నగర్ మాత్రం రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయింది.

అందుకే జాగ్రత్తల జాబితా చదివే ముందు మీ వీధికి వచ్చేది ఏ నీళ్లో తెలుసుకోండి. ఈ ఊరికి కృష్ణ నుంచీ, బుడమేరు నుంచీ, కొండల మీద నుంచీ నీళ్లొస్తాయి. ఒకదానికి ఇచ్చే హెచ్చరిక ఇంకొకదానికి పనికిరాదు, తప్పించుకునే దారి కూడా వేరు.

బుడమేరు వైపు ఉన్నవాళ్లకు

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలుస్తుంది. వెలగలేరు దగ్గర నీటిని గేట్లతో అదుపు చేసే రెగ్యులేటర్ ఉంది. ఆ నీళ్లు ఊరి మీదకు రాకుండా అక్కడి నుంచి డైవర్షన్ ఛానల్ ద్వారా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలోకి మళ్లిస్తారు. పోలవరం కుడి కాలువలో వచ్చే గోదావరి నీళ్లు కూడా ఇదే ఛానల్‌లో కలిసి పవిత్ర సంగమం దగ్గర కృష్ణలోకి చేరతాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. కృష్ణ నిండుగా పారుతున్నప్పుడు ఛానల్ నీళ్లు నదిలోకి దిగవు, వెనక్కి తంతాయి. అదే సమయంలో పైన మైలవరం, జి.కొండూరు వైపు కుండపోతగా కురిస్తే ఛానల్ కట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. 2024లో కవులూరు వైపు కట్టకు గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి సైన్యం కూడా రావాల్సి వచ్చింది. వెలగలేరు గేట్లు ఎత్తితే నీళ్లు పాత బుడమేరు దారిలో నగరం వైపు వస్తాయి. ఆ దారిలో ఇప్పుడు కాలనీలున్నాయి.

కాబట్టి సింగ్‌నగర్ వాళ్లు తమ నెత్తిన పడే వాన చూసి అంచనా వేసుకుంటే సరిపోదు. మీ వీధిలో చినుకు లేకపోయినా మైలవరంలో రాత్రంతా కురిసి ఉండొచ్చు. వార్తల్లో మీరు వెతకాల్సినవి రెండు: వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర నీటిమట్టం ఎంత, బ్యారేజీ దగ్గర కృష్ణ ఏ స్థాయిలో ఉంది. రెండూ ఒకేసారి పెరుగుతున్నాయంటే ఇల్లు ఖాళీ చేసే ఆలోచన అప్పుడే మొదలుపెట్టాలి. అధికారులు మైకులో చెప్పేదాకా ఆగొద్దు. ముసలివాళ్లు, నిండు గర్భిణులు, డయాలసిస్ చేయించుకునేవాళ్లు, మంచం దిగలేనివాళ్లు ఉన్న ఇల్లయితే ఇంకా ముందే కదలాలి. నడుము లోతు నీళ్లలో మంచంతో సహా మనిషిని మోయడం ఎంత కష్టమో ఆ కాలనీల వాళ్లను అడిగితే చెబుతారు.

కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్లకు

ఇక్కడ హెచ్చరిక కొంచెం ముందుగానే అందుతుంది. శ్రీశైలం, సాగర్, పులిచింతల దాటి నీళ్లు రావాలి కాబట్టి గంటల వ్యవధి దొరుకుతుంది. బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండో హెచ్చరిక జారీ చేస్తారు. రాణిగారితోట, తారకరామ నగర్, భూపేష్ గుప్తా నగర్ లాంటి చోట్ల ఉన్నవాళ్లు ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోవాలి. రెండో హెచ్చరిక వచ్చాక ఇంట్లో సామాను సర్దుకుంటూ కూర్చోవద్దు. ఒక్క విషయం మరవకండి: పులిచింతల కింద మున్నేరు లాంటి వాగులు వచ్చి కలుస్తాయి. ఆ నీళ్లను ఆపే పెద్ద డ్యామ్ ఏదీ లేదు. ఖమ్మం వైపు భారీ వానలు పడితే సాగర్ లెక్కలు చూసి ధీమాగా ఉండకండి.

గోడ ఉంది కదా అని నిర్లక్ష్యం వద్దు. గోడ దగ్గర ఎక్కడైనా నీరు ఊరుతున్నా, డ్రెయిన్ అవుట్‌లెట్ లోంచి నది నీళ్లు వెనక్కి వస్తున్నా వెంటనే మీ వార్డు సచివాలయం సిబ్బందికి ఫోన్ చేయండి.

కొండ మీద, కొండ కింద ఉన్నవాళ్లకు

2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. 2020 అక్టోబరులో ఇంద్రకీలాద్రి మీద కూడా చరియలు విరిగిపడ్డాయి. గుణదల, చిట్టినగర్, విద్యాధరపురం వైపు కొండల మీద వేల కుటుంబాలున్నాయి. వాళ్లందరినీ దిగి రమ్మని ఒక్క మాటలో అనేయడం తేలికే. కూలి పనికి దగ్గరగా, తక్కువ అద్దెకు దొరికిన ఇల్లు అది. అయినా వాన ఆగకుండా కురుస్తున్న రాత్రుల్లో మాత్రం అక్కడ నిద్రపోవద్దని బతిమాలుతున్నాను.

కొండ జారే ముందు కొన్ని సూచనలు ఇస్తుంది. ఎప్పుడూ నీరు రాని చోట ఊట మొదలవడం, వచ్చే నీరు ఉన్నట్టుండి బురదగా మారడం, గోడలో గానీ మెట్లలో గానీ కొత్త పగుళ్లు, కరెంటు స్తంభం లేదా చెట్టు పక్కకు ఒరగడం, చిన్న రాళ్లు దొర్లడం, తలుపులు ఉన్నట్టుండి బిగుసుకుపోవడం. వీటిలో ఒక్కటి కనిపించినా పిల్లల్ని తీసుకుని దిగిపోండి. కింద మున్సిపల్ స్కూల్లోనో, కమ్యూనిటీ హాల్లోనో, చుట్టాలింట్లోనో ఆ రాత్రి గడపండి. వాన ఆగిన వెంటనే పైకి వెళ్లొద్దు. తడిసిన మట్టి మర్నాడు కూడా జారుతుంది.

ఇంకో సంగతి. పై ఇంటి వాడుక నీళ్లు పైపు లేకుండా నేరుగా వాలులోకి వదిలితే కింద ఇంటి వెనక గట్టు ఏడాది పొడవునా నానుతూ ఉంటుంది. గది పెంచుకోవడానికి గట్టు తవ్వడం అంతకంటే ప్రమాదం. ఈ రెండూ వానాకాలానికి ముందు ఇరుగుపొరుగు కూర్చుని మాట్లాడుకుంటే తీరే విషయాలు.

ఇంట్లో చేయాల్సినవి

కరెంటుతో మొదలుపెడదాం, ఎందుకంటే ప్రాణాలు తీసేది ముందు అదే. కింది అంతస్తులో మీటర్ బోర్డు, మోటార్ స్టార్టర్, ఇన్వర్టర్ ఎంత ఎత్తులో ఉన్నాయో చూడండి. పోయిన వరదలో గోడ మీద పడిన నీటి చార కంటే పైకి వాటిని మార్పించుకోండి. ఎలక్ట్రీషియన్ ఖర్చు కొంత అవుతుంది గానీ తప్పదు. ఇన్వర్టర్ బ్యాటరీ నేల మీద ఉంటే బల్ల మీదకెత్తండి. నీళ్లు గడప దగ్గరకు వస్తున్నాయనగానే మెయిన్ ఆపేయాలి. అది ఎక్కడుందో, ఎలా ఆపాలో ఇంట్లో అందరికీ, పదో తరగతి పిల్లాడితో సహా, తెలిసి ఉండాలి.

గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ తీసేసి, మూత బిగించి, కిటికీ ఊచకు తాడుతో కట్టేయండి. సిలిండర్ నీళ్లలో తేలి కొట్టుకుపోతుంది. సంపు మూత గట్టిగా బిగించండి. ఓవర్‌హెడ్ ట్యాంకు మాత్రం వాన హెచ్చరిక రాగానే నింపి పెట్టుకోండి. కరెంటు పోయాక వాడుకోవడానికి ఆ నీళ్లే దిక్కు.

అపార్ట్‌మెంట్ వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. లిఫ్ట్‌ను పై అంతస్తులో నిలిపి పవర్ ఆపేయండి. సెల్లార్‌లోకి నీళ్లు వస్తున్నప్పుడు బండి తెచ్చుకుందామని ఎవరూ దిగొద్దు. సెల్లార్ నిమిషాల్లో నిండుతుంది, పైగా అక్కడ వైర్లుంటాయి. కార్లు, బైకులు ముందు రోజే ఎత్తైన చోటికి తీసుకెళ్లండి. మునిగిన కారును స్టార్ట్ చేసి చూడొద్దు. ఇంజిన్‌లోకి నీళ్లు లాగేసుకుంటుంది, అలా పాడైన ఇంజిన్‌కు మామూలు పాలసీలో సాధారణంగా క్లెయిమ్ రాదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే ఉంటే వరద నష్టానికి రూపాయి కూడా రాదు. ఈ నెలలోనే పాలసీ తీసి చూసుకోండి.

మేడ మీద చిక్కుకుపోతే మూడు రోజులు బతకగలిగేలా ఒక బ్యాగు సర్దుకోండి. 2024లో చాలా కుటుంబాలకు పడవలూ, డ్రోన్లూ వచ్చి ఆహారం ఇచ్చేదాకా ఎదురుచూపులే మిగిలాయి. తాగునీళ్లు మనిషికి రోజుకు కనీసం మూడు లీటర్ల లెక్కన, అటుకులు, బిస్కెట్లు, పాలపొడి, టార్చి, పవర్ బ్యాంక్, కొవ్వొత్తులు, ఆడపిల్లలకు ప్యాడ్లు. బీపీ, షుగర్ మాత్రలు రెండు వారాలకు సరిపడా ఉండాలి. ఇన్సులిన్ వాడేవాళ్లు ఫ్రిజ్ లేకపోతే ఎలా దాచుకోవాలో డాక్టర్‌ను ఇప్పుడే అడగండి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, ఇంటి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు మందపాటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఆ బ్యాగులోనే ఉంచండి. డిజిలాకర్‌లోనూ పెట్టుకోండి. ముఖ్యమైన ఫోన్ నంబర్లు కాగితం మీద రాసుకోండి, ఛార్జింగ్ అయిపోయిన ఫోన్‌లో ఉన్న నంబరు అక్కరకు రాదు.

గేదెలు, మేకలు ఉన్నవాళ్లు వాటిని ముందే గట్టుకు తోలండి. కుదరకపోతే కనీసం కట్లు విప్పండి.

నీళ్లు వచ్చేశాక

పారే నీళ్లలోకి దిగొద్దు. మోకాలి లోతే కదా అనిపిస్తుంది, కానీ ఆ లోతులోనే కాలు జారి సైడు కాల్వలోకి పోయే ప్రమాదం ఉంది. నీళ్లు తొందరగా పోతాయని భూగర్భ డ్రైనేజీ (యూజీడీ) మ్యాన్‌హోల్ మూతలు తీసేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. దయచేసి తీయొద్దు. మీరు తీసిన గుంటలో వెనక వచ్చే పిల్లాడు పడతాడు. స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ కంచెలు, షాపుల ఇనుప షట్టర్లు ముట్టుకోవద్దు. తెగిన వైరు కనిపిస్తే 1912కు చెప్పండి. రైల్వే అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలిచి ఉంటే ముందు వెళ్లిన బస్సును చూసి మీ బండి దింపొద్దు.

వరద నీళ్లతో పాములు వస్తాయి. మెట్ల మూలలు, చెప్పుల స్టాండ్, మడిచిపెట్టిన పరుపులు కర్రతో కదిపి చూశాకే చెయ్యి పెట్టండి. కాటు వేస్తే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. ఆ చెయ్యి లేదా కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి, ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి.

పడవ వచ్చినప్పుడు తోసుకోవద్దు. మేడ మీద నుంచి ఎర్రటి లేదా పసుపు రంగు గుడ్డ ఊపితే దూరానికి కనిపిస్తుంది. ఆపదలో 112. విపత్తు కంట్రోల్ రూమ్ అయితే జిల్లాకు 1077, రాష్ట్రానికి 1070. ఫోన్ చేసినప్పుడు డోర్ నంబరు ఒక్కటే చెప్పకండి. పక్కనున్న గుడి, స్కూలు, వాటర్ ట్యాంకు పేరు కూడా చెప్పండి. నీళ్లలో వీధి బోర్డులు కనిపించవు, వచ్చేవాళ్లు బయటి ఊరి నుంచి వచ్చిన జాతీయ విపత్తు దళం (ఎన్‌డీఆర్‌ఎఫ్) వాళ్లు కావచ్చు.

నీళ్లు తీశాక, కడగడానికి ముందు

బురద చూడగానే చీపురు పట్టుకోవాలనిపిస్తుంది. ఆగండి. ముందు ఫొటోలు తీయండి: గోడ మీద నీటి చార, మునిగిన ఫ్రిజ్, మంచం, బండి నంబర్ ప్లేట్, ఇంటి ముందు నిలబడిన మీరు. 2024లో ఇంటింటికీ వచ్చి నష్టం లెక్క రాసుకున్నారు. గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తుల్లో ఉన్నవాళ్లకు 10,000 చొప్పున సాయం ప్రకటించారు. ఇలాంటి లెక్కల్లో ముందు నలిగేది అద్దెకున్నవాళ్లే. ఆధార్‌లో సొంతూరి అడ్రస్ ఉంటుంది, అద్దె కాగితం ఉండదు, ఇంటికి తాళం వేసి ఊరెళ్లి ఉంటారు. అందుకే అద్దెవాళ్లు ఇప్పుడే ఒక ఒప్పంద కాగితం రాయించుకోండి, గ్యాస్ బుకింగ్‌లో ఈ ఇంటి అడ్రస్ పెట్టించుకోండి, బ్యాంకు ఖాతాకు ఆధార్ లింక్ అయిందో లేదో చూసుకోండి. సచివాలయంలో మీ కుటుంబం ఈ వార్డులోనే నమోదైందా అని కూడా అడగండి.

నీళ్లు బాగా మరిగించే తాగండి. సంపు, ట్యాంకు పూర్తిగా తోడి బ్లీచింగ్‌తో కడిగాకే నింపండి. బురద పనికి బూట్లు, గ్లౌజులు వేసుకోండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల ర్యాట్ ఫీవర్ వస్తుంది, కాళ్ల మీది చిన్న గాయం చాలు దానికి. జ్వరం, కండరాల నొప్పులు, కళ్లు ఎర్రబడడం ఉంటే మెడికల్ షాపు మాత్రలతో నెట్టుకురాకుండా డాక్టర్ దగ్గరకు వెళ్లి, వరద నీళ్లలో తిరిగామని చెప్పండి. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ మెకానిక్ చూసేదాకా ప్లగ్ పెట్టొద్దు.

కార్పొరేషన్‌ను ఇప్పుడే అడగాల్సినవి

మీ వీధి సైడు కాల్వలో పూడిక తీశారా? తీసిన పూడికను గట్టునే కుప్ప పోసి వెళ్లారా? అలా వదిలేస్తే తర్వాతి వానకే అదంతా మళ్లీ కాల్వలోకి జారుతుంది. ఫొటో తీసి మున్సిపల్ ఫిర్యాదులు తీసుకునే పురమిత్ర యాప్‌లో పెట్టండి, సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీకి కూడా చూపించండి. ఫిర్యాదు నంబరు రాసుకుని వారం తర్వాత మళ్లీ అడగండి. ఒక్కరు అడిగితే పక్కన పెడతారేమో గానీ వీధిలో పది ఇళ్ల వాళ్లు సంతకాలు చేసి ఇస్తే కదలిక ఉంటుంది. కాల్వలో కొబ్బరి బోండాలు, ప్లాస్టిక్ కవర్లు వేయడం మనమూ మానాలి, అది కార్పొరేషన్ చేతిలో లేని పని.

ఇంకో మూడు ప్రశ్నలు సచివాలయంలో అడిగి జవాబులు రాసుకోండి. మా వార్డుకు పునరావాస కేంద్రం ఏది? అక్కడికి వెళ్లే దారి మునిగితే రెండో దారి ఏది? మంచం దిగలేని మనిషి ఇంట్లో ఉంటే ఆ పేరు ఎవరికి ఇవ్వాలి? జవాబులు వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఫోన్ సరిగా వాడలేని పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి కాగితం మీద రాసివ్వండి, వాళ్ల తలుపు లోపలి వైపు అంటించి రండి.